డాబా మీద రామములగ: పీకలేక పీకలేక ఆర్నెల్లు

సెప్టెంబరు 15, 2024, ఆదివారం

అత్తయ్యగారు పొద్దున్నే గౌతమిలో దిగారు. సంచిలో మాగాయ, సున్నుండలు, అన్నిటికన్నా అడుగున పాత పేపర్లో చుట్టిన ఎనిమిది రామములక్కాయలు. ఆవిడ నోట టమాటా అన్న మాట రాదు. వాళ్ళది కడియం పక్క ఊరు. చుట్టూ నర్సరీలే అయినా పెరట్లో నారు మాత్రం ఎవరి ఇంట్లో వాళ్ళు పోసుకోవాల్సిందేనట.

ఇవి అసలు నాటువి. బల్లపరుపుగా ఉండి, తొడిమ చుట్టూ గుమ్మడికాయకున్నట్టు గాట్లు. తోలు పల్చన. రైల్లోనే రెండు చితికాయి. వాటితో చారు పెట్టబోతే ఆపారు. "ఉండమ్మా, గింజలు తీసుకో. డాబా అంతా ఖాళీగా పడుందిగా."

అలా మొదలైంది. మేముండేది ఉప్పల్ దాటాక ఒక అద్దె ఇంట్లో రెండో అంతస్తు. పైన డాబా మాదే అనుకోవచ్చు, కింద ఓనర్ అంకుల్‌కి స్లాబు నెమ్ము ఎక్కకుండా ఉంటే చాలు.

గింజల్ని గుజ్జుతో సహా గాజు సీసాలోకి పిండి, పావు గ్లాసు నీళ్ళు పోసి, పైన గుడ్డ కట్టి వంటింటి కిటికీలో పెట్టాను. టమాటా గింజ చుట్టూ జిగురు సంచి ఒకటి ఉంటుంది. పండులోపలే మొలకెత్తిపోకుండా దాన్ని ఆపేది అదే. పులియబెడితే ఆ జిగురు కరిగిపోతుంది.

సెప్టెంబరు 17

నిమజ్జనం. వీధంతా డప్పులు, వంటింట్లో కంపు. సీసా మీద తెల్లటి బూజు తెట్టు కట్టింది. మావారు గుడ్డ తీసి చూసి, మాట్లాడకుండా మళ్ళీ కట్టేసి వెళ్ళిపోయారు. నాకు మాత్రం సంబరంగానే ఉంది, ఎందుకంటే గింజలు అడుక్కి దిగాయి. సీసా ఊపితే ఇంతకుముందు గుజ్జుగా కదిలినవి ఇప్పుడు ఇసకలా గలగలమన్నాయి. తేలినవి తాలు గింజలు, వాటిని తెట్టుతోపాటు పారబోశాను. మిగిలినవి టీ వడకట్టే జల్లెడలో వేసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగాను. ఎండాక పైన సన్నటి నూగు కనిపించింది, పిల్లి చెవి మీద ఉండేలాంటిది. ఇంకో రోజు ఆగితే సీసాలోనే మొలకలు వచ్చేవని అత్తయ్యగారి హెచ్చరిక. ఈ ఎండలకి రెండు రోజులు చాలు, మూడు గరిష్ఠం.

ఆరబెట్టడానికి కాగితం వాడకండి. నేను వాడాను. అతుక్కుపోయిన గింజలు గోటితో గీకాల్సి వచ్చింది. స్టీలు పళ్ళెం మేలు.

సెప్టెంబరు 22, ఆదివారం

నారు పోశాను. మూడు రకాలు.

మొదటిది అత్తయ్యగారి నాటువి, 24 గింజలు. రెండోది అర్క రక్షక్, బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళు తీసిన సంకర రకం. ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుందని దీనికి పేరు. గింజ ఖరీదు చూశాక 10 గింజలతో సరిపెట్టాను. మూడోది మా పాప చిన్నిది. సూపర్ మార్కెట్ టమాటాని చక్రాల్లా కోసి మట్టిలో పరిచేస్తే వనం వస్తుందని వీడియోలో చూసిందట. దానికో పాత ఐస్‌క్రీం డబ్బా ఇచ్చాను.

నాటువీ రక్షక్‌వీ పేపరు టీ కప్పుల్లో, కప్పుకి రెండు గింజల చొప్పున వేశాను. కప్పు అడుగున వేడిచేసిన పిన్నీసుతో మూడు చిల్లులు. లోపల సగం కోకోపీట్, సగం జల్లించిన వర్మీకంపోస్టు. కోకోపీట్‌ని రెండుసార్లు నానబెట్టి పిండి, ఆ నీళ్ళు పారబోయాలి. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది, కడగకపోతే మొలకల వేళ్ళు మాడతాయి. గింజ లోతు పావంగుళం, అంటే చిటికెన వేలి గోరులో సగం. పైన పల్చగా పొడి చల్లి, పిచికారీతో తడిపి, తడిగుడ్డ కప్పి మెట్ల గదిలో నీడన పెట్టాను. మొలక రావడానికి వెలుతురు అక్కర్లేదు. వచ్చిన మరుక్షణం నుంచీ కావాలి.

సెప్టెంబరు 28

ఆరో రోజు. నాటువి మట్టిని పైకెత్తుకుంటూ, నడుం వంచుకుని వస్తున్నాయి. సాయంత్రానికి పదకొండు. రక్షక్‌వి మూడు. చిన్ని డబ్బాలో ఇంకా ఏమీ లేదు. దాని పెదవి వణుకుతోంది.

అక్టోబరు 2

లెక్క తేలింది. నాటువి 24కి 19. రక్షక్ 10కి 8. చిన్ని డబ్బాలో లెక్కపెట్టలేను, ఒక్కో చక్రం నుంచి గుత్తులు గుత్తులుగా ఇరవై పాతిక మొలకలు. చిన్ని ముందు మేమంతా ఓడిపోయాం.

అత్తయ్యగారు కప్పులు చూసి, "ఒక్కోదాంట్లో ఒక్కటే ఉంచి రెండోది తీసెయ్" అన్నారు. నిక్షేపంలా ఉన్న మొక్కని పీకడానికి నాకు చేతులు రాలేదు. విడదీసి వేరే కప్పుల్లో పెడతానన్నాను. "పెట్టు" అన్నారు. ఆ 'పెట్టు'లో చాలా ఉంది.

అక్టోబరు 6, ఆదివారం

నారుకుళ్ళు.

నిన్న సాయంత్రం నిటారుగా ఉన్నవి పొద్దుటికి పడుకుని ఉన్నాయి. ఆకులు పచ్చగానే ఉన్నాయి, వాడలేదు. భూతద్దంతో చూస్తే మట్టి అంచు దగ్గర కాడ నీళ్ళల్లో నానినట్టయి, దారంలా సన్నబడి ఉంది. ఆ దారం మీద మొక్క బరువు నిలబడలేక ఒరిగిపోయింది. చిన్ని డబ్బా మొత్తం పోయింది. ఒత్తుగా ఉన్నవి ఒకదాని మీద ఒకటి, గాలి లేదు, పైగా రోజుకి మూడుసార్లు అది నీళ్ళు పోస్తోందని ఇప్పుడు తెలిసింది. నేను విడదీసిన ఆరు మొక్కల్లో నాలుగు పోయాయి, ఎందుకంటే విడదీశాక "పాపం డస్సిపోయాయి" అని నేనూ అదే పని చేశాను.

మట్టిలో ఉండే శిలీంధ్రం ఇది. తడి ఎక్కువై గాలి తగ్గితే రాత్రికి రాత్రే పని కానిచ్చేస్తుంది. పడిపోయిన మొక్క లేవదు. మిగిలినవాటికి ట్రైకోడెర్మా (చెడ్డ శిలీంధ్రాన్ని అణిచే మంచి శిలీంధ్రం) పొడి కలిపిన నీళ్ళు కొద్దిగా పోసి, డాబా మీదికి, పొద్దుటి ఎండ తగిలే చోటికి మార్చాను. ఇకమీదట నీళ్ళు పైనించి కాదు. పళ్ళెంలో అంగుళం నీళ్ళు పోసి కప్పుల్ని పది నిమిషాలు అందులో ఉంచితే, కావలసినంత కిందినించే పీల్చుకుంటాయి. పై మట్టి పొడిగా ఉంటుంది.

జంటగా వదిలేసిన కప్పుల్లో రెండూ బతికే ఉన్నాయి గానీ, రెండూ వెలుతురు కోసం పోటీపడి కొంగ మెడల్లా సాగాయి. ఒక్కటే మొలిచిన కప్పుల్లోవి పొట్టిగా, కాడ ఊదారంగు తిరిగి, గట్టిగా ఉన్నాయి. మొత్తానికి జంటల్లో ఒక్కోదాన్ని కత్తెరతో మొదట్లో కత్తిరించాను. పీకితే పక్కదాని వేళ్ళు కదులుతాయి, కత్తిరించడమే మంచిది. కత్తిరించింది నేనని రాశాను గానీ, నిజానికి నేను కళ్ళు పక్కకి తిప్పుకుని కప్పులు అందిస్తుంటే అత్తయ్యగారు కత్తిరించారు.

డబ్బాలో మట్టి కరివేపాకు కుండీలో గుమ్మరించాను. మార్కెట్లో టమాటా కిలో 80 నడుస్తోంది.

అక్టోబరు 13

దసరా మర్నాడు. నాలుగైదు నిజమైన ఆకులు వచ్చాయి. మొదట వచ్చే రెండు నున్నటి ఆకులు గింజలోవి, లెక్కలోకి రావు. రంపపు అంచుల ఆకు వచ్చాకే వేలితో రాస్తే టమాటా వాసన వస్తుంది.

రోజూ ఎండ ఒక గంట పెంచుతున్నాను. మెట్ల గదిలోంచి ఒక్కసారిగా రోజంతా ఎండలోకి తోస్తే ఆకులు తెల్లగా కాలిపోతాయి. బతుకమ్మకి కొన్న బంతిపూలలో ఎండినవి విప్పి గింజలు చల్లాను. పొలాల్లో 16 వరసల టమాటాకి ఒక వరస బంతి వేయమంటారు, కాయతొలుచు పురుగు తల్లి బంతిపూల మీద గుడ్లు పెడుతుందని. అయితే బంతి నారు టమాటా నారు కన్నా ఇరవై రోజులు పెద్దదై ఉండాలి, అప్పుడే రెండూ ఒకేసారి పూస్తాయి. నేను ఆలస్యం. ఉంటే ఉన్నాయి, పండగలకి పనికొస్తాయి.

అక్టోబరు 20, ఆదివారం

నాటడం. 28 రోజుల నారు.

పన్నెండంగుళాల సంచులు పది. ఆరింట్లో నాటువి, నాలుగింట్లో రక్షక్. మిగిలిన నారు ఓనర్ అంకుల్‌కీ, పనమ్మాయికీ ఇచ్చాను. మట్టి పాళ్ళు: ఎర్రమట్టి నాలుగు తట్టలు, వర్మీకంపోస్టు మూడు, కోకోపీట్ రెండు, సంచికి రెండు గుప్పిళ్ళు వేపపిండి. తడిసిన సంచి ఒక్కోటి ఇరవై కిలోలు తూగుతుంది. పది సంచులంటే రెండు వందల కిలోలు. అందుకే డాబా మధ్యలో పెట్టకుండా పిట్టగోడ పక్కన, కింద గోడ ఉన్న వరసలో పేర్చాం. సంచి కింద రెండేసి ఇటుకలు. నీళ్ళు కారిపోతాయి, స్లాబు ఆరుతుంది, అంకుల్ నిద్రపోతారు.

టమాటాని లోతుగా నాటాలి. కింది ఆకులు తుంచేసి, కాడ మూడొంతుల్లో రెండొంతులు మట్టిలోకి దించేశాను. పూడ్చిన కాడ పొడుగునా వేళ్ళు పుడతాయి, అసలు కాడ మీద కనిపించే సన్న బొడిపెలు అవే. వంకాయకీ మిరపకీ ఇంత లోతు అక్కర్లేదు. కొంగ మెడలుగా సాగిన మొక్కలకి ఇదే ప్రాయశ్చిత్తం.

అత్తయ్యగారు ప్రతి మొదట్లోనూ చిటికెడు పసుపు వేశారు. ఎందుకని అడిగితే "వేస్తాం" అన్నారు. సంచుల మీద పెయింటుతో 1 నించి 10 దాకా నంబర్లు వేశాను.

అక్టోబరు 27

అత్తయ్యగారు ఊరెళ్ళారు. దీపావళికి ఆడపడుచు వస్తోంది. వెళ్ళేముందు చెప్పినవి రెండే: వేలు మట్టిలో రెండు కణుపులు దించి, పొడిగా తగిలితేనే నీళ్ళు పొయ్యి. తేడాగా కనిపించిన మొక్కని దాచుకోకు.

మొదటిది పాటించాను.

నవంబరు 10, ఆదివారం

2వ సంచి మొక్క తేడాగా ఉంది. పై ఆకులు చిన్నవై, అంచులు దొన్నెలా పైకి ముడుచుకున్నాయి, ఈనెల మధ్య పసుపు తిరిగింది. ఆకు కింద తిప్పి చూస్తే బియ్యం నూకలో సగం ఉన్న తెల్ల దోమలు గుంపుగా లేచాయి. ఆకుముడత వైరస్. పురుగుకైతే మందు ఉంటుంది, వైరస్‌కి లేదు. ఈ దోమ ఒకసారి వైరస్ పట్టిన మొక్క రసం పీల్చిందంటే, అది బతికినన్నాళ్ళూ ఇంకో మొక్కకి అంటిస్తూనే పోతుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి కొట్టాను. పసుపు ప్లాస్టిక్ కవర్లకి ఆముదం రాసి కర్రలకి కట్టాను. పసుపు రంగు దోమని లాగుతుంది, ఆముదానికి అతుక్కుంటుంది. మొక్కని మాత్రం పీకలేదు. అదే అన్నిటికన్నా ముందు మొలిచింది. ఆరో రోజు పొద్దున్న నడుం వంచుకుని వచ్చిన మొదటిది.

నవంబరు 17

ఆముదం కవర్ల మీద దోమలు నువ్వులు చల్లినట్టు ఉన్నాయి, బాగానే పనిచేస్తోంది. 7వ సంచిలో, అంటే రక్షక్‌లో, మొదటి పూత. 2వ సంచి అలాగే ఉంది. కొత్త ఆకు కొంచెం విప్పుకున్నట్టు అనిపించింది. మావారిని అడిగితే "ఏమో, నాకు అన్నీ ఒకేలా ఉన్నాయి" అన్నారు.

నవంబరు 22

3, 5 సంచులు కూడా ముడుచుకున్నాయి.

సాయంత్రం అత్తయ్యగారు వీడియో కాల్ చేశారు. ఫోను మొక్క మీదికి తిప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎన్నాళ్ళైంది?" అన్నారు.

"పన్నెండు రోజులండీ, అత్తయ్యగారూ."

"దానికి పన్నెండు రోజులు వడ్డించావన్నమాట, పక్కవాటిని."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నవంబరు 23

పొద్దున్న ఆరున్నరకి, చలికి దోమలు ఎగరకుండా ఆకుల కింద అతుక్కుని ఉన్నప్పుడు, పాత పాలిథిన్ కవరు మొక్క నెత్తిన మెల్లగా తొడిగి, మూతి బిగించి, వేళ్ళతో సహా లాగాను. దోమలతో సహా లోపలే. 2, 3, 5. మూడు కవర్లూ డాబా మీద ఎండలో రెండు రోజులు పెట్టి చెత్తబండిలో వేస్తాను, కంపోస్టు డబ్బాలో కాదు. ఊరికే పీకితే దోమలు లేచి పక్క మొక్క మీదే వాలతాయి, అందుకే ఈ ముసుగు.

2వదాన్ని లాగాక చూస్తే వేరు సంచి అంచులదాకా పాకి ఉంది. కాడకి పూడ్చిన మేర తెల్లటి వేళ్ళు గడ్డంలా. కింద అంత ఆరోగ్యంగా ఉంది.

మిగిలినవి నాటు మూడు (1, 4, 6), రక్షక్ నాలుగు. రక్షక్ మీద దోమ వాలింది గానీ ముడత లేదు. పేరు నిలబెట్టుకుంది. దీనికి 'మందులు కొట్టకుండా నాటు రకమే గట్టిది' అని గుండెలు బాదుకునేవాళ్ళ జవాబేమిటో నాకు తెలియాలి. నాటుది రుచిలో గట్టిది. రోగంలో కాదు, కనీసం మా డాబా మీద కాదు.

డిసెంబరు 1

తుపాను మబ్బు, ముసురు. పూత ఉంది, పిందె లేదు. టమాటా పువ్వు తనంతట తనే పిందె కట్టుకోగలదు, కానీ పుప్పొడి గొట్టంలాంటి కేసరాల లోపల ఉంటుంది. పువ్వు అదిరితేనే రాలుతుంది. తేనెటీగకి ఆ విద్య రాదు. నల్ల తుమ్మెదకి వచ్చు, పువ్వు పట్టుకుని ఝుమ్మని ఒళ్ళు అదిలిస్తుంది. ఎదురింటి మునగచెట్టుకి వచ్చే తుమ్మెదలు ఈ ముసురుకి ఎక్కడో దూరాయి. అందుకని మా చిన్ని వాడే బ్యాటరీ టూత్‌బ్రష్ వెనకభాగం గుత్తి కాడకి ఆనించి రెండేసి సెకన్లు. పదింటికి, గాలిలో తడి ఆరాక. వెలుతురులో చూస్తే పసుపు పొగలాంటిది రాలడం కనిపిస్తుంది. చిన్నికి బ్రష్ ఎక్కడ పెట్టానో చెప్పలేదు.

డిసెంబరు 8

గోళీలంత పిందెలు! 7వ సంచిలో ఐదు, 4లో మూడు.

పక్క పిలకలు తీయడం మొదలెట్టాను. ఆకుకీ కాండానికీ మధ్య చంకలో వచ్చే చిగురు పిలక. అన్నీ వదిలేస్తే సంచిలో ఉన్న బలం ఆకులకే పోతుంది. పొడుగు పాకే రకానికే ఈ కత్తిరింపు, పొట్టిగా గుబురుగా పెరిగేదానికి పిలకలు తీస్తే కాయలే తగ్గుతాయి. పీకడం వచ్చేసిందన్న ఊపులో 9వ సంచిలో చకచకా నాలుగు తుంచి, చేతిలోకి చూసుకుంటే అందులో ఒకటి అసలు తల. చిటారు చిగురు, పూమొగ్గతో సహా.

తుంచిన పిలకలు తడి కోకోపీట్‌లో గుచ్చాను. పారేయబుద్ధి కాలేదు, ఇది జబ్బే. అయితే వారంలో వేళ్ళొస్తాయి వీటికి, గింజ కన్నా నెల ముందుంటాయి. ఖాళీ అయిన 2, 3 సంచులకి ఇవే దిక్కు.

ఊతానికి వెదురు బద్దలు, కట్టడానికి పాత నూలు చీర పేలికలు. పురికొస కాడని కోస్తుంది. కాడ లావెక్కుతుంది కాబట్టి ఎనిమిది అంకెలా వదులుగా కట్టాలి.

డిసెంబరు 22

చలి బాగా ఉంది. రోజు మార్చి రోజు నీళ్ళు. పది రోజులకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు. పెద్దగా రాయడానికేమీ లేదు, కాయలు ఊరుతున్నాయి. కరివేపాకు కుండీలో ఒక టమాటా మొక్క జానెడు ఎత్తు ఉంది. ఎప్పుడు మొలిచిందో ఎవరూ చూడలేదు. చిన్ని డబ్బా తాలూకు.

జనవరి 5, 2025, ఆదివారం

మొదటి పండు. 7వ సంచి, 84 గ్రాములు. చిన్ని వంటింటి తూకం మీద మూడుసార్లు తూచింది. నాలుగు ముక్కలు చేసి ఉప్పు చల్లుకుని తిన్నాం. నాలుగో ముక్క ఓనర్ అంకుల్‌కి.

నిజం చెప్పాలంటే మామూలుగా ఉంది. గట్టి కండ, తక్కువ రసం. లారీలో వంద కిలోమీటర్లు పోయినా చెక్కుచెదరదు, మా డాబా నించి వంటింటికి ఇరవై రెండు మెట్లే.

జనవరి 11

రేపు ఊరికి బయల్దేరాలి. పొద్దున్న డాబా మీదికి వెళ్ళేసరికి పిట్టగోడ మీద నాలుగు కోతులు, ఒక పిల్ల కోతి. అవి పండ్లతో సరిపెట్టుకోవు. పచ్చి కాయ కోసి, కొరికి, బాగాలేదని పారేసి, ఇంకోటి కోస్తాయి. ప్రతి కాయా బాగుంటుందేమోనని దానికొక ఆశ. 8, 10 సంచుల్లో ఏమీ మిగల్చలేదు. 9వ సంచి, నేను తల తుంచిన పుణ్యానికి, పొట్టిగా గుబురుగా ఉండి కంటపడలేదు. కిందపడిన పచ్చికాయలు ఏరితే కిలోంబావు. కొరికినవి పారేసి, మంచివాటితో పచ్చి టమాటా పచ్చడి: పచ్చిమిర్చి, నువ్వులు, కొత్తిమీర, రోట్లో. ఊరికి సీసాడు పట్టుకెళ్తున్నాను.

వెదురు బద్దలకి నైలాను వల కట్టించాను, ₹650.

జనవరి 17

సంక్రాంతి అయ్యాక వచ్చాం. ఐదు రోజులు నీళ్ళు లేవు. అంకుల్ పోస్తానన్నారు, మర్చిపోయారు, మొహమాటపడుతున్నారు. మేం రాగానే నేనూ బుద్ధి లేకుండా బకెట్లు బకెట్లు పోశాను.

జనవరి 22

దాని ఫలితం. ఊరుతున్న కాయల అడుగున గుండ్రంగా నల్లటి పల్లం మచ్చ, తోలు తొడిగినట్టు. పురుగూ కాదు, తెగులూ కాదు. కాయ కొసకి సున్నం అందలేదు. మట్టిలో సున్నం లేక కాదు, అది నీళ్ళతోపాటే పైకి పాకాలి. నీళ్ళు ఒక వారం ఎండగట్టి ఒక వారం ముంచితే కాయ కొసదాకా చేరదు. గుడ్డు పెంకులు వేయండి అని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. పెంకు కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాయకి అందదు. మచ్చ పడిన తొమ్మిది కాయలు కోసేశాను. మచ్చ కాయ బాగవదు, ఉంచితే బలం లాగుతుంది. ఈసారి వెనకాముందాడుతూ కూర్చోలేదు. సంచుల పైన ఎండు కొబ్బరి పీచు రెండంగుళాలు పరిచాను, తడి నిలకడగా ఉండడానికి.

జనవరి 26, ఆదివారం

ఇవాళ నాటువి పండాయి. 4వ సంచి, మొదటి గుత్తి. వంకరటింకర ఆకారం, భుజాల దగ్గర పచ్చదనం పోకుండా ఉంది, ఒకదానికి పగులు కూడా. మామూలు చారు పెట్టాను, చింతపండు అసలు వేయలేదు. మావారు చారు గిన్నె ఎత్తి తాగారు. సీసా గుడ్డ మాట్లాడకుండా కట్టేసి వెళ్ళిపోయిన మనిషి, "ఇది ఆ కంపేనా?" అన్నారు.

ఫిబ్రవరి 9

ఆదివారాలు కోత, తూకం. ఇప్పటిదాకా రక్షక్ 5.6 కిలోలు, నాటు 2.2. అత్తయ్యగారు శివరాత్రికి వస్తున్నారు. 4వ సంచిలో రెండో గుత్తిలో పెద్ద కాయకి ఎర్రదారం కట్టమని ఫోన్లో చెప్పారు, ఎవరూ కోయకుండా. చుట్టూ మూడు మొక్కలు ముడుచుకుపోయినా ఒక్క ఆకు వంచనిది అదొక్కటే. రక్షక్ గింజలు దాచడం దండగ, సంకరం కాబట్టి మళ్ళీ వేస్తే తల్లిలా రాదు. నాటుది తనలో తనే పిందె కడుతుంది, చాలావరకు తల్లి పోలికే.

ఫిబ్రవరి 23

రైతు బజారులో కిలో 15. అమ్మేవాడు "తీస్కో అమ్మా, రెండు కిలోలు పాతిక" అంటున్నాడు. 2023 జులైలో ఇదే టమాటా 200 దాటింది. అప్పుడు రోజూ పేపర్లో మదనపల్లె మార్కెట్ ధర చూసేవాళ్ళం, బంగారం రేటు చూసినట్టు.

మావారు కాగితం తీసుకుని లెక్క వేశారు. సంచులు 450, ఎర్రమట్టి 320, వర్మీకంపోస్టు 350, కోకోపీట్ 200, వేపపిండి 120, విత్తనం 150, వేపనూనె 180, కోతుల వల 650. మొత్తం ₹2,420. ఇప్పటికి పండింది రక్షక్ 7.9, నాటు 3.3, పిలక మొక్కల నించి 0.2, వెరసి 11.4 కిలోలు. కిలో ₹212 పడింది. "2023 రేటుకి కరెక్టుగా సరిపోయింది, ఒకటిన్నరేళ్ళు లేటు" అన్నారు. సంచులూ వలా వచ్చే ఏడుకీ ఉంటాయని నేను అన్నాను. కోతులూ ఉంటాయని ఆయన అన్నారు.

కరివేపాకు కుండీ మొక్కకి మూడు కాయలు. తోలు మందం, రుచి సున్నా. చిన్ని మూడూ ఒక్కతే తింది, ఎవరికీ పెట్టలేదు.

ఫిబ్రవరి 27

శివరాత్రి జాగారం అయ్యాక పొద్దున్నే అత్తయ్యగారు డాబా ఎక్కారు. ఎర్రదారం కాయ మెత్తబడే దాకా ఆగాం. కోసి, మళ్ళీ అదే గాజు సీసా. మావారు ఈసారి కిటికీ తెరిచి పెట్టారు.

అత్తయ్యగారు 1, 6 చూసి, ఆకులు పండుబారి ఎర్రనల్లి (సాలీడు జాతి సన్న పురుగు) గూళ్ళు కట్టినవి చూపించారు. "ఇంకా ఎందుకమ్మా ఇవి?" అనేలోపు లాగేశాను. ఆవిడ నావైపు ఒకసారి చూసి, బంతిమొక్కల దగ్గరికి వెళ్ళిపోయారు. అవి ఇప్పుడు విరగబూస్తున్నాయి, కాపలా కాయడానికి టమాటా పెద్దగా మిగలని వేళ.

మార్చి 9, ఆదివారం

పగలు ఎండ 36 దాటింది. పూత పూసినట్టే పూసి, కాడ దగ్గర పసుపు తిరిగి రాలిపోతోంది. ఈ వేడికి పుప్పొడి పనిచేయదు, బ్రష్ పెట్టినా లాభం లేదు. రక్షక్ నాలుగూ పీకేశాను. మట్టి డాబా మీద పరిచి ఎండబెడుతున్నాను. రెండు వారాలు ఎండాక వేపపిండి కలిపి గోంగూర వేస్తాను. టమాటా పోయిన మట్టిలో వెంటనే వంకాయ, మిరప వద్దు, ఒకే కుటుంబం, ఒకే రోగాలు.

గింజలు ఎండాయి. స్టీలు పళ్ళెంలో ఆరబెట్టాను కాబట్టి గీకనక్కర్లేదు. చిన్ని లెక్కపెట్టింది, 112. అత్తయ్యగారు బూడిదలో కలిపి గుడ్డలో కట్టమన్నారు. నేను కాగితం కవర్లో పోసి, స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెడతానన్నాను. సగం సగం చేశాం. నా కవరు మీద పెన్నుతో 'టమాటా, నాటు, 4వ సంచి, ఫిబ్రవరి 2025' అని రాసి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చదివి, పెన్ను తీసుకుని, మొదటి మాట కొట్టేసి పక్కన 'రామములగ' అని రాశారు.